నాలుగో కాలమ్ జోలికి పోవద్దు

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, కంప్యూటర్ విభాగంలో ముప్పై మూడేళ్ళు పనిచేసి రెండేళ్ళ క్రితం పదవీ విరమణ చేశాను. మా ప్రయోగశాల సికిందరాబాద్ శివార్లలో, కాప్రా దాటాక రాళ్ళగుట్టల మధ్య ఉంటుంది. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి ఇక్కడ రాయను. అవి మా ఇంట్లో వాళ్ళకే పట్టవు. ప్రతి వేసవిలో కాలేజీల నుంచి వచ్చే విద్యార్థులను చేర్చుకుని, ఎనిమిది వారాల పాటు పని నేర్పే బాధ్యత ఇరవై రెండేళ్ళు నాదే. రేపు ఆ కుర్చీలో కూర్చోబోయే వారి కోసం ఇది రాస్తున్నాను. నా చివరి వేసవిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చేతిలోని కాఫీ చల్లారిపోతుంది. అంత దిగ్భ్రాంతి ఒక మనిషికి తన సొంత బల్ల దగ్గరే ఎదురవుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

పని అంటే ఏమిటి

వచ్చిన పిల్లలందరూ ముందు పెద్ద మెషీన్ చూపించమంటారు. చూపిస్తాం. చల్లటి గదిలో నల్లటి బీరువాల్లాంటివి నాలుగు ఉంటాయి. చూడటం రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాతే పని మొదలు. పని అంటే బియ్యంలో రాళ్ళేరడం. కరెంటు పోయినప్పుడు పరికరం ఏం రాసింది, పావురం గూడు పెట్టినప్పుడు ఏం రాసింది, ఏది నిజమైన కొలత, ఏది చెత్త. ఇది వేరు చేయడంలోనే నెలలు గడిచిపోతాయి. ఓపిక లేనివాడు తెలివైనవాడైనా ఈ పనికి పనికిరాడు. ఈ మాట నేను ప్రతి ఏడాదీ మొదటి రోజు నిలబడి చెప్పేవాడిని.

నిలబడి చెప్పడం నాకు అలవాటు. మా తాతగారి సంతకం ఏడు ఊళ్ళలో చెల్లేది. నేను పుట్టేసరికి ఆ ఊళ్ళూ లేవు, పొలాలూ లేవు. సీతాఫల్‌మండిలో రెండు గదుల అద్దె ఇంట్లో పెరిగాను. మాకు మిగిలింది ఇంటిపేరు, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు. మా నాన్నగారు చిరిగిన బనియను మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని మోండా మార్కెట్‌కు వెళ్ళి, బేరమాడకుండా కూరగాయలు కొనుక్కొచ్చేవారు. బేరం మనకు తగదనేవారు. అమ్మ వంటగదిలో తల కొట్టుకునేది. ఆ ఇంట్లో పిల్లలు ఎదురు చెప్పరు. పెద్దవాళ్ళు అన్న మాట వెనక్కి తీసుకోరు. దాన్ని నేను సంస్కారం అనుకున్నాను. ఇప్పటికీ అందులో కొంత సంస్కారమే అనుకుంటున్నాను. కాని ప్రయోగశాలకు అది పట్టుకెళ్ళవలసిన సామాను కాదు.

జయరత్నం గారి సలహాలో సగం

నా మొదటి పైఅధికారి జయరత్నం గారు. కోస్తా నుంచి వచ్చి సికిందరాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం ఆవిడది. తల్లి, తండ్రి ఇద్దరూ టీచర్లు. ఆవిడ కోప్పడినా హోంవర్కు దిద్దినట్టే ఉండేది. వేసవి పిల్లలను నాకు అప్పగించిన రోజున ఇలా అన్నారు:

"చూడండి రావుగారూ, మొదటి వారం జవాబు మనకి తెలిసిన లెక్కే ఇవ్వండి. తెలియనిదాంట్లోకి తోసేస్తే బెదిరిపోతారు పాపం. కానీ ఏడాదికోసారి లెక్క మార్చేయండి. మార్చకపోయారనుకోండి, వాళ్ళు లెక్క నేర్చుకోరండి, మీ మొహం చదవడం నేర్చుకుంటారు."

మొదటి సగం విన్నాను. రెండో సగానికి తల ఊపాను. ఆవిడ రిటైరై వెళ్ళిపోయాక నాకు దాన్ని గుర్తు చేసేవారు లేరు.

నేను తయారు చేసిన లెక్క ఇది. ఆకాశం నుంచి కంటికి కనపడని కణాలు ఎప్పుడూ కురుస్తూ ఉంటాయి. మా మేడ మీద వాటిని లెక్కించే పరికరం ఒకటి ఉంది. గాలి పీడనం పెరిగితే, మీద మరో దుప్పటి కప్పినట్టయి, కిందికి చేరే కణాలు తగ్గుతాయి. ఎంత పీడనానికి ఎన్ని తగ్గుతాయి? జవాబు ఒకే ఒక్క సంఖ్య. దీనికోసం ఒక మే నెల కొలతలతో నేనొక ఫైలు తయారు చేశాను. అందులో నాలుగు కాలమ్‌లు: సమయం, కణాల లెక్క, గాలి పీడనం, ఉష్ణోగ్రత. నాలుగోదానితో ఈ లెక్కకు అవసరం లేదు. పీడనాన్ని కొలిచే పరికరమే ఉష్ణోగ్రతను కూడా రాస్తుంది కాబట్టి, అది కూడా ఫైల్లోకి వచ్చి చేరిందంతే.

ఇరవై రెండేళ్ళు అదే ఫైలు ఇచ్చాను. అదే సంఖ్య వచ్చింది. మేడ మీది పరికరం రోజువారీ కొలతలను సరిదిద్దడానికి కూడా మా వాళ్ళు ఆ సంఖ్యనే వాడుతూ వచ్చారు. దాన్ని అందరూ "రావు సార్ నంబర్" అనేవారు. వింటే నాకు గర్వంగా ఉండేది.

మౌనిక

చివరి వేసవిలో వచ్చిన ఎనిమిది మందిలో మౌనిక ఒకరు. ఎమ్మెస్సీ చివరి ఏడాది. సీతాఫల్‌మండి పిల్ల అని తెలిసి కాస్త ఎక్కువ ఆదరంగానే మాట్లాడాను. ఒక పరిశోధన సంస్థలో ఆమెకు సీటు వచ్చింది. మా సర్టిఫికెట్ ఇస్తేనే కాలేజీలో ప్రాజెక్టు మార్కులు వేస్తారు. ఆ మార్కులు పడితేనే డిగ్రీ, డిగ్రీ ఉంటేనే ఆ సీటు. మొదటి రోజే ఇదంతా నాకు చెప్పింది. అంటే, తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మొదటి వారం చివర నా సంఖ్యే తెచ్చింది. "బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. ఆఖరి వారం సోమవారం అదే లెక్క పట్టుకుని మళ్ళీ వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సార్, జెర పరేషాన్ ఉన్న. మొదటి వారం నేనిచ్చిన జవాబు తప్పనిపిస్తుంది."

"సరైన జవాబే కదమ్మా ఇచ్చావు. నేను సంతకం కూడా పెట్టాను."

"గదే సార్ తక్లీఫ్. సంతకం పెట్టిన్రు."

కొత్త కాగితం చూపించింది. అందులోని సంఖ్య నా సంఖ్యకు దాదాపు రెట్టింపు. ఆ కాగితాన్ని నేను పూర్తిగా చదవలేదు. చివరి గీత కింద ఉన్న అంకె మాత్రం చూశాను.

"ఎక్కడో పొరబడ్డావు. మళ్ళీ చేయి."

మర్నాడు వచ్చింది. "మళ్ళ చేసిన సార్. గంతే వస్తుంది."

"మళ్ళీ చేయి."

మూడో రోజు కాగితం బల్ల మీద పెట్టి, "ఎన్నిసార్లు చేయమంటరు సార్? నంబర్ అలిసిపోయేదాకనా?" అంది.

పక్క బల్లల దగ్గరున్న వాళ్ళు ఒక్కసారిగా తమ తెరల్లోకి మరీ శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళలో నాతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. ఆ రోజే ఆమె ఫారం తీసి, "సూచనలు పాటించదు. సర్టిఫికెట్‌కు సిఫారసు చేయలేను" అని రాశాను. ఆ అక్షరాలు ఇప్పుడు చూసినా ముత్యాల్లా ఉంటాయి.

మధ్యాహ్నం మూడు గంటలు

భోజనాలయ్యాక మళ్ళీ వచ్చింది. ఫారం సంగతి అప్పటికే ఎవరో చెప్పేసినట్టున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు స్థిరంగానే ఉంది.

"సార్, ఒక్క మాట అడిగి పోత. మన దగ్గర మే నెల ఎండ ఎన్ని గంటలకు దంచుతది?"

"అదేం ప్రశ్న? మధ్యాహ్నం రెండున్నర, మూడు."

"మా అమ్మ సుత గదే అంటది. మా అమ్మ డాబా మీద వడియాలు పెడ్తది సార్, మోండా మార్కెట్ దుకాణాలకు ఏస్తది. ఏ గంటకు డాబా ఎంత కాలుతదో చిన్నప్పటి సంది నా కాళ్ళకు తెల్సు. మీ ఫైల్‌ల మాత్రం పొద్దుగాల తొమ్మిదికే దంచుతది. మూడింటికి పొద్దుగూకినంక ఉన్నట్టు సల్లగుంటది."

ఆమె చేతిలో నాలుగో కాలమ్‌తో గీసిన బొమ్మ ఉంది. తీసుకుని చూశాను. ముప్పై ఒక్క రోజులు. ప్రతి రోజూ ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య ఉష్ణోగ్రత శిఖరం. ఒక్కరోజు కూడా తప్పలేదు.

పీడనం, ఉష్ణోగ్రత రాసే పరికరం గడియారాన్ని గ్రీనిచ్ సమయానికి పెట్టారు. అది మన సమయం కంటే అయిదున్నర గంటలు వెనుక. కణాలను లెక్కించే పరికరం గడియారం మాత్రం మన సమయమే చూపిస్తుంది. ఆ రెండింటినీ నేను గంటకు గంట అతికించేశాను. ఉదయం కురిసిన కణాల పక్కన మధ్యాహ్నపు పీడనం వచ్చి కూర్చుంది. ఒకరి జాతకం ఇంకొకరికి చదివినట్టు ఇరవై రెండేళ్ళు చదివాను.

సొరుగు లాగి పాత నోటుపుస్తకం తీశాను. ఆ పరికరాన్ని బిగించిన రోజు పేజీలో నా చేతిరాతే ఉంది: "ఈ గడియారం గ్రీనిచ్ సమయం." కింద రెండు గీతలు కూడా గీశాను. ఎవరూ నన్ను మోసం చేయలేదు. నేనే రాసుకున్నాను, నేనే మరిచిపోయాను.

అయిదున్నర గంటలు జరిపి మళ్ళీ లెక్క వేశాను. ఆమె సంఖ్య వచ్చింది.

"ఈ కాలమ్ చూడమని నేను చెప్పలేదు కదా, ఎందుకు చూశావు?" అన్నాను.

"చూడొద్దన్నరు సార్. గందుకే చూసిన."

"ఎవరన్నారు?"

"సీనియర్లు. మొదటి రోజే క్యాంటీన్‌ల చెప్పిన్రు. రావు సార్ లెక్కల నాలుగో కాలమ్ జోలికి పోవద్దు, పోతే ఎనిమిది వారాలు గదే లెక్క చేస్తవ్ అని."

"ఏ సీనియర్లు?"

ఆమె నన్ను చూసిన చూపులో జాలి ఉంది. అది నాకు కొత్త.

"అందరు సార్."

నరేందర్

నరేందర్ నా విభాగంలోనే తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. అంతకు ముందు నా దగ్గరికి వేసవి విద్యార్థిగా వచ్చినవాడే. పిలిచి కూర్చోమన్నాను. కుర్చీ అంచున కూర్చున్నాడు. నా ముందు అతను కూర్చోవడం అదే మొదటిసారి అని నాకు అప్పుడు తట్టింది.

"నాలుగో కాలమ్ సంగతి నీకు తెలుసా?"

నేల చూశాడు. "తెల్సు సార్."

"ఎప్పటి నుంచి?"

"స్టూడెంట్‌గ వచ్చినప్పటి సంది. పన్నెండేళ్ళు."

"పన్నెండేళ్ళు! నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన సార్."

"ఎప్పుడు?"

"రెండో వారంల. మళ్ళ చేయమన్నరు. చేసి తెచ్చిన. మళ్ళ చేయమన్నరు. మూడోసారి మీ నంబరే తెచ్చిన. 'ఇప్పుడు దారికొచ్చావు' అని చాయ్ తాగిపిచ్చిన్రు."

నాకు ఏదీ గుర్తు లేదు. అతను కాగితం తేవడం గుర్తు లేదు, నా మాట గుర్తు లేదు, ఆ చాయ్ కూడా గుర్తు లేదు. తప్పు చేశానన్నదానికంటే ఇదే నన్ను ఎక్కువగా నిలువునా కోసింది. అతని పన్నెండేళ్ళ మౌనానికి కారణమైన ఆ నిమిషం నాకు ఒక నిమిషంగా కూడా మిగల్లేదు.

"పోనీ, ఉద్యోగంలో చేరాకైనా చెప్పకూడదా?"

"ఏమనుకోకున్రి సార్. మీ ముందట 'కాదు' అనేటోన్ని నేనింతవరకు సూడలె."

అతను వెళ్ళాక బీరువా తెరిచి పాత రిపోర్టులు కింద పరుచుకుని కూర్చున్నాను. ఎనిమిదో, తొమ్మిదో ఏటి రిపోర్టు ఒకదానిలో చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: "రెండు పరికరాల సమయాల మధ్య తేడా ఉన్నట్టు అనిపించింది. మార్గదర్శకుల సూచన మేరకు ఆ భాగం తొలగించడమైనది." దాని కిందనే నా సంతకం. అలాంటివి ఇంకో మూడు దొరికాయి. ఆపైన వెతకలేదు.

మా తాతగారు వాకిట్లో కూర్చుని, "వానలు బాగా పడ్డాయా?" అని అడిగితే ఊళ్ళో వాళ్ళు "పడ్డయి దొరా" అనేవారట, చేలు నెర్రెలిచ్చి ఉన్నా. ఆ కథ నాన్నగారు గొప్పగా చెప్పేవారు, మేము గొప్పగా వినేవాళ్ళం. మా ఏలుబడి పోయిందని నేను జీవితమంతా అనుకున్నాను. పోలేదు. నాలుగు బల్లలు, ఒక ఫ్యాను ఉన్న గదిలో దాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నాను, నాకే తెలియకుండా.

డైరెక్టర్ గది

విషయం డైరెక్టర్‌కు చెప్పాను. మర్యాదస్థుడు, నాకంటే పదేళ్ళు చిన్న. అంతా విని, గడియారం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"రావుగారూ, ఆ అమ్మాయికి సర్టిఫికెట్ ఇచ్చేద్దాం. మొదటి వారం రిపోర్టు మీరు సంతకం పెట్టిందే కదా, శుక్రవారం సభలో దాన్నే చదివేయమనండి. మిగతాది మీరు రిటైరయ్యాక మేం నెమ్మదిగా సరిచేసుకుంటాం. నాలుగు నెలలే కదండీ! ఇప్పుడు మీ గౌరవానికి మచ్చెందుకు?"

సిగ్గు విడిచి రాస్తున్నాను: ఆ మాట నాకు నచ్చింది. పిల్లకు సర్టిఫికెట్ వస్తుంది, వీడ్కోలు సభలో నాకు దండ పడుతుంది, తప్పు ఎప్పుడో దిద్దబడుతుంది. ఒక పూటంతా ఆ ఆలోచనలో హాయిగా ఉన్నాను. సాయంత్రం మౌనికను పిలిచి చెప్పాను.

"సర్టిఫికెట్ నాకు కావాలె సార్. మస్తు కావాలె. మా అమ్మ గల్లీల అందరికి చెప్పుకున్నది. కాని గా నంబర్ నేను మైకుల చదవ" అంది.

"చదవకపోతే సీటు పోతుందమ్మా."

"తెల్సు సార్."

"మీ అమ్మ వడియాల లెక్క కోసం సీటు వదులుకుంటావా?"

"వడియాలు అబద్ధం చెప్పయి సార్. ఎండకపోతే బూజు పడ్తది, గంతే."

ఇరవై మూడేళ్ళ పిల్ల. పోగొట్టుకోవడానికి ఉన్నదంతా ఆమెకు ఆ ఒక్క కాగితమే. నేను కాపాడుకోవాలని చూస్తున్నది ఒక దండ, నాలుగు మంచి మాటలు. ఆ పూట నేను అనుభవించిన హాయి అక్కడితో సరి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నేను ఇవ్వగలిగిన సలహా చాలా చిన్నది. పిల్లలు రాగానే కుర్చీ చూపించండి, పాస్‌వర్డ్ ఇవ్వండి, క్యాంటీన్ ఎక్కడో చెప్పండి. తర్వాత ఎవరైనా మీకు నచ్చని అంకె తెస్తే, "మళ్ళీ చేయి" అనే ముందు దాన్ని మీరొకసారి చేయండి. ఇరవై రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా చేయలేదు. చేయడానికి పావుగంట పడుతుంది. అలాగే, మీ గదిలో అందరూ మిమ్మల్ని గౌరవిస్తున్నారని అనిపిస్తే ఆ రోజు జాగ్రత్తగా ఉండండి.

శుక్రవారం

వేసవి ముగింపు సభకు చిన్న హాలు నిండింది. ఆ ఏటి పిల్లలు ముందు వరసల్లో, సిబ్బంది వెనుక. సిబ్బందిలో చాలామంది ఒకప్పుడు నా దగ్గర వేసవి గడిపినవాళ్ళే. ప్రసంగం అయ్యాక వేదిక మీదే సర్టిఫికెట్ ఇవ్వడం మా ఆనవాయితీ. సంతకం లేని కాగితం ఇవ్వరు. మౌనిక కాగితం సంతకం లేకుండా నా జేబులోనే ఉంది. ముందు చెప్పవలసింది చెప్పకుండా దాని మీద నా పేరు పెట్టడానికి మనసు ఒప్పలేదు. ఆ ఉదయం ఆమెకు ఒక్కటే చెప్పాను: "నీ నంబరే చదువు."

చదివింది. తొమ్మిదింటికే దంచే ఎండ బొమ్మ తెర మీద చూసి పిల్లలు నవ్వారు. చివర ఆమె, "రెండు గడియారాలు వేరువేరుగ ఉండె. ఇందుల ఎవరి తప్పు లేదు" అని నా వైపు చూడకుండా ముగించింది. నన్ను కాపాడుతోంది. డైరెక్టర్ సంతోషంగా తల ఊపారు. నేను కూర్చుండిపోయినా సభ సాఫీగా ముగిసేది.

లేచాను.

"ఎవరి తప్పూ లేదన్నావు, అది సరికాదమ్మా. ఫైలు అతికించింది నేను. నీకంటే ముందు చెప్పిన వాళ్ళను వెనక్కి పంపింది నేను. నువ్వు సూచనలు పాటించవని రాసింది నేను. అది ఈ ఉదయం కొట్టేశాను."

అక్కడితో ఆపాలనుకున్నాను. ఆగలేకపోయాను. నాకు తెలుసుకోవాలని ఉంది.

"ఈ తప్పు నాకంటే ముందు తెలిసినవాళ్ళు చేతులెత్తండి."

మొదట నరేందర్ చేయి లేచింది. అతని వెనుక ఇద్దరు. ముందు వరసల్లో పిల్లలు ఒకరినొకరు చూసుకుని ఎత్తారు, ఎనిమిది మందిలో ఆరుగురు. కిటికీ పక్క నుంచి ఇంకో నాలుగు. మేడ మీది పరికరం చూసుకునే ఉద్యోగి. పదిహేనేళ్ళుగా నాతో ఒకే బల్ల దగ్గర భోజనం చేసి, నా డబ్బాలో పచ్చడి పంచుకున్న మిత్రుడు. లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. ఆఖరున నా పక్క కుర్చీలోంచి, నా వైపు చూడకుండా, డైరెక్టర్ చేయి భుజం ఎత్తు దాకా లేచింది.

జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి, మౌనిక పేరు కింద సంతకం చేశాను. ఈసారి అక్షరాలు వంకర పోయాయి. ఆమె రెండు చేతులతో అందుకుంది.

తలెత్తి హాలు వైపు చూశాను. చేతులన్నీ ఇంకా పైనే ఉన్నాయి. దించమని నేను చెప్పలేదు మరి.